చోటును చదివే యంత్రం

మా తమ్ముడి కూతురు నీట్‌కి చదువుతోంది. మొన్న ఆదివారం ఇంట్లో మాక్ టెస్టు రాస్తూ ఓఎంఆర్ షీటు ఒక వైపు నింపేసి, కాగితం తిరగేసి, ఎందుకో ఆగింది. షీటును ట్యూబులైటుకు అడ్డంగా ఎత్తి పట్టుకుంది. అటువైపు దిద్దిన నల్లటి గుండ్రాలు ఇటువైపుకు బూడిదరంగు మచ్చల్లా తేలాయి.

"పెదనాన్నా, వెనకాల దిద్దినవి ఇటు కనబడుతున్నాయి. మిషన్ వీటిని కూడా జవాబులనుకుంటే?"

"అనుకోదులే అమ్మా, నువ్వు రాసుకో" అన్నాను. టైము నడుస్తోంది కదా, పాపం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పత్రిక పని మీద ఏళ్ల తరబడి ప్రెస్సుల చుట్టూ తిరిగినవాణ్ణి. ఆ నీడను ఆపడానికి ఎంతమంది ఎంత కష్టపడతారో కొంత చూశాను. ఒక కాగితానికి రెండు వైపులా గుండ్రాలు అచ్చువేసి, ఆ రెండు వైపులనూ యంత్రం చేత తప్పు లేకుండా చదివించడం వెనక దాదాపు తొంభై ఏళ్ల కథ ఉంది. ఆ కథలో పెన్సిల్ ఉంది, కరెంటు ఉంది, కాంతి ఉంది, వానాకాలపు తేమ ఉంది. లక్షలమంది పిల్లల భవిష్యత్తును మోసే ఆ కాగితం గురించి ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

పెన్సిల్ గీతలో కరెంటు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో బడికి వచ్చే పిల్లలు పెరిగారు. పేపర్లు దిద్దే చేతులు అంతగా పెరగలేదు. ఒకే పేపరుకు ఒక మాస్టారు ఎక్కువ మార్కులు, ఇంకో మాస్టారు తక్కువ మార్కులు వేస్తున్నారన్న గొడవ కూడా ఉండేది. కాన్సస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ అనే విద్యావేత్త 1914-15 ప్రాంతంలో ఒక పఠన పరీక్ష తయారుచేశాడు. ఎవరు దిద్దినా మార్కు మారకుండా, ప్రతి ప్రశ్నకూ ఒకే సరైన జవాబు ఉండేలా దాన్ని కూర్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం ఈ తరహా పరీక్షలు సుమారు 17 లక్షల మందికి పెట్టింది. 1926 జూన్ 23న తొలి ఎస్ఏటీ పరీక్షను దాదాపు 8 వేల మంది రాశారు.

ప్రశ్నలు మారాయి గానీ దిద్దేది మాత్రం చేతులే. సరైన జవాబుల చోట రంధ్రాలు పొడిచిన అట్టముక్కను జవాబుపత్రం మీద పరిచి, రంధ్రాల్లోంచి ఎన్ని గీతలు కనిపిస్తే అన్ని మార్కులని లెక్కపెట్టేవారు. మన కథకు మూలం ఆ అట్టముక్కలో ఉంది. దాని కింద పిల్లవాడు ఏ అక్షరం రాశాడన్నది అక్కర్లేదు. గీత ఏ చోట పడిందన్నదే ముఖ్యం. జవాబు చోటుగా మారింది. చోటును కనిపెట్టే పని యంత్రానికి అప్పగించవచ్చు.

ఆ పని చేసి చూపినవాడు ఒక సైన్సు మాస్టారు. పేరు రేనాల్డ్ జాన్సన్. 1906లో పుట్టాడు, 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి పట్టా తీసుకున్నాడు, మిషిగన్ రాష్ట్రంలోని ఐరన్‌వుడ్ అనే ఊళ్లో హైస్కూల్లో సైన్సు చెప్పేవాడు. కుర్రతనంలో అతనికో అల్లరి పని అలవాటు. అక్కల కోసం కార్లేసుకొచ్చే యువకుల బండి దగ్గరికెళ్లి, స్పార్క్ ప్లగ్ మీద పెన్సిల్‌తో గీతలు గీసేవాడట. ఇక ఆ బండి స్టార్టయ్యేది కాదు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్. అది కరెంటును పోనిస్తుంది. ప్లగ్ కొసన ఖాళీని దాటి నిప్పురవ్వగా దూకాల్సిన కరెంటు, పింగాణీ మీది పెన్సిల్ గీత వెంట జారిపోయేది.

పేపర్ల కట్టలు దిద్దుతున్న మాస్టారికి ఆ అల్లరి గుర్తొచ్చింది. పిల్లలు పెన్సిల్‌తోనే కదా గుర్తులు పెడతారు! గుర్తున్న చోట కరెంటు పారుతుంది, లేని చోట పారదు. ఆ తేడా చాలు.

మీటరు ముల్లు చెప్పిన మార్కులు

1934లో ఐబీఎం సంస్థ జాన్సన్‌ను ఉద్యోగంలోకి తీసుకుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎండికాట్ ప్రయోగశాలలో అతని ఆలోచన యంత్రంగా మారింది. 1938 నాటికి ఐబీఎం 805 అన్న పేరుతో బయటికొచ్చింది. పరిమాణంలో పెద్ద రాతబల్ల అంత ఉండేది. జవాబుపత్రం మీద 750 చోట్లు. అంటే ఐదేసి ఐచ్ఛికాలతో 150 ప్రశ్నలు, లేదా తప్పు-ఒప్పు ప్రశ్నలైతే 300. యంత్రం లోపల ఆ చోట్లన్నిటికీ ఎదురుగా లోహపు మొనలు. ఆపరేటర్ షీటును సందులో పడేస్తే మొనలు కాగితాన్ని తాకుతాయి.

ఇక్కడో చిక్కు వచ్చింది. ఒకరు పెన్సిల్ నొక్కి దిద్దుతారు, ఒకరు ఇలా తాకించి వదిలేస్తారు. చిక్కటి గుర్తులో కరెంటు ఎక్కువ, పలుచటి గుర్తులో తక్కువ పారితే మార్కులు కూడా అలాగే పడతాయి. జవాబు ఒకటే అయినా చేతి బలాన్ని బట్టి మార్కు మారిపోతే న్యాయం ఏముంది? దీనికి దొరికిన విరుగుడు చూడండి. ప్రతి చోటు దారిలోనూ చాలా ఎక్కువ నిరోధం ఉన్న తీగముక్కను కలిపారు. మన డాబా మీది ట్యాంకు నుంచి దిగే పైపు లావుదైనా, కాస్త సన్నదైనా, చివరి కుళాయి మరీ సన్నగా ఉంటే బకెట్లో పడే ధార ఒకటే. అలాగే పెన్సిల్ గుర్తు చిక్కగా ఉన్నా పలచగా ఉన్నా పారే కరెంటు దాదాపు సమానమైంది. ఒక గుర్తుకు ఒక పాలు.

ఇక లెక్క పెట్టే పని కూడా కరెంటుదే. సరైన చోట్ల పాళ్లన్నీ ఒక దారిలో, తప్పు చోట్ల పాళ్లన్నీ ఇంకో దారిలో చేరతాయి. మీటరు ముల్లు ఒప్పుల మొత్తం మీద నిలబడుతుంది. కావాలంటే తప్పుల్లో కొంత భాగం తీసేసి చూపిస్తుంది. మన పిల్లలు "నెగెటివ్ మార్కింగ్" అని భయపడే ఆ తీసివేతను, కంప్యూటర్లు ఇంకా పుట్టని రోజుల్లోనే ఒక మీటరు ముల్లు చేసి చూపించింది. అనుభవం ఉన్న ఆపరేటర్ గంటకు 800 షీట్ల దాకా మార్కులు రాసేవారు. యంత్రానికి అంతకంటే తొందరున్నా, షీటు పెట్టే చేతికీ ముల్లు చూసే కంటికీ అదే హద్దు.

805 యంత్రం 1963 దాకా అమ్మకంలో ఉంది. జాన్సన్ అక్కడితో ఆగలేదు. 1956లో వెలువడిన తొలి కంప్యూటర్ హార్డ్ డిస్కును తయారుచేసిన బృందానికి నాయకుడు కూడా ఆయనే. పెన్సిల్ గీత వెంట నడిచిన సైన్సు మాస్టారు అంత దూరం వెళ్లాడు.

కరెంటు పోయి కాంతి వచ్చింది

మొనలు కాగితాన్ని తాకాలి అంటే షీటు ఒక్కొక్కటిగా ఆగాలి. లక్షల పేపర్లకు అది చాలదు. అయోవా విశ్వవిద్యాలయంలో ఇ.ఎఫ్. లిండ్‌క్విస్ట్ అనే ఆచార్యుడు రాష్ట్రమంతటి బడిపిల్లలకూ పరీక్షలు నడిపేవాడు. పేపర్ల పోగు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 1950ల్లో ఆయన బృందం కరెంటును వదిలి కాంతిని పట్టుకుంది. కదిలిపోతున్న కాగితం మీద దీపం వేసి, కాంతిని పసిగట్టే ఫోటోసెల్‌తో గుర్తుల్ని చూడటం ఆ పద్ధతి. 1955లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే 1962లో వచ్చింది. 1972లో మైఖేల్ సొకోల్‌స్కీ స్థాపించిన స్కాన్‌ట్రాన్ సంస్థ చిన్న బడులు కూడా కొనుక్కోగలిగే యంత్రాలు తెచ్చింది. దాంతో ఈ పద్ధతి తరగతి గదిలోకి వచ్చేసింది.

కాంతికి కూడా గ్రాఫైట్ ఇష్టమైన పదార్థమే. కంటికి కనబడే కాంతినే కాదు, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని కూడా గ్రాఫైట్ మింగేస్తుంది. తెల్లకాగితం కాంతిని వెనక్కి చిమ్ముతుంది. గుర్తున్న చోట వెనక్కి వచ్చేది తగ్గిపోతుంది. యంత్రానికి తెలిసేది ఇంతే: ఈ చోట వెలుగు ఎంత?

మరి ఏ చోటో ఎలా తెలుస్తుంది? ఓఎంఆర్ షీటు అంచున పైనుంచి కిందికి నల్లటి చిన్న గీతల వరుస ఉంటుంది చూశారా? దానికి టైమింగ్ ట్రాక్ అని పేరు. తాళం వేసేవాడి చిడతల లాంటిది అది. కాగితం కదులుతుంటే ఒక్కో నల్లగీత సెన్సర్ కిందికి రాగానే "ఇప్పుడు చూడు" అని యంత్రానికి సైగ అందుతుంది. ఆ క్షణంలో ఆ వరుసలోని చోట్లన్నిటి వెలుగునూ ఒకేసారి కొలుస్తుంది. రోలరు కాస్త వేగం తగ్గినా, పెరిగినా ఫర్వాలేదు. తాళం కాగితం మీదే అచ్చయి ఉంది. అందుకే ఆ గీతల మీద ఏమీ రాయొద్దని, మడవొద్దని ఇన్విజిలేటర్లు అంత గట్టిగా చెబుతారు. అక్కడ ఒక్క మరక పడితే తాళం తప్పుతుంది. తాళం తప్పితే ఆ కింది జవాబులన్నీ ఒక వరుస జరిగిపోవచ్చు.

యంత్రానికి నలుపు, తెలుపు అని రెండే తెలియవు. మధ్యలో ఎన్నో మెట్లుగా వెలుగును కొలుస్తుంది. ఒకే ప్రశ్నకు రెండు చోట్ల నలుపు కనిపిస్తే, ఒకటి చిక్కగా ఉండి రెండోది చెరిపిన మరకంత పలచగా ఉంటే, చిక్కటిదాన్ని జవాబుగా తీసుకుని పలచటిదాన్ని వదిలేయగలదు. ఎంత తేడా ఉంటే వదిలేయాలన్నది మనిషి ముందుగా నిర్ణయించి పెట్టాలి. నీడల కథ మొదలయ్యేది ఈ హద్దు దగ్గరే.

కనబడీ కనబడని రంగు

మన పరీక్షల్లో ఓఎంఆర్ షీటు గుండ్రాలు చాలావరకు ఎర్రటివో, గులాబీరంగువో ఉంటాయి. అందం కోసం కాదు. యంత్రంలో ఎర్రకాంతి వేస్తే ఎర్రసిరా కూడా తెల్లకాగితంలాగే వెలుగును వెనక్కి పంపుతుంది. యంత్రం కంటికి ఆ గుండ్రమే లేదు. మనకు దారి చూపించి, యంత్రం ముందు మాయమయ్యే రంగు అది. నీలం లేదా నలుపు పెన్నుతో దిద్దితే మాత్రం ఎర్రకాంతిని ఆ సిరా మింగుతుంది, గుర్తు నల్లగా కనిపిస్తుంది. ఎర్రపెన్నుతో దిద్దిన జవాబు మాత్రం గుండ్రంతో పాటే మాయమైపోతుంది. "బ్లూ ఆర్ బ్లాక్ బాల్‌పాయింట్ పెన్ ఓన్లీ" అని ముద్రించేది ఇందుకే.

అమెరికాలో పెన్సిలే వాడింది ఎందుకంటే, అక్కడ చాలాకాలం ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలు నడిచాయి. బాల్‌పెన్ సిరాల్లోని చాలా రంగుల గుండా ఇన్‌ఫ్రారెడ్ అద్దంలోంచి వెళ్లినట్టు వెళ్లిపోతుంది. ఆ యంత్రానికి పెన్ను జవాబు ఖాళీ చోటే. మన దగ్గర కూడా ఒక తరం హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు పట్టుకుని పరీక్షలకు వెళ్లింది. 1986లో ఎంసెట్ మొదలయ్యాక వచ్చిన ఎన్నో బ్యాచ్‌ల ఇళ్లల్లో పరీక్ష ముందురోజు రాత్రి పెన్సిల్ చెక్కే సందడి ఉండేది. అయితే పెన్సిల్ గుర్తును పరీక్ష అయ్యాక ఎవరైనా చెరిపి మార్చవచ్చు. ఆ అనుమానానికి చోటు లేకుండా చేసేది పెన్ను. మనం సవరించుకునే హక్కును వదులుకుని, నమ్మకాన్ని తెచ్చుకున్నాం.

బాల్‌పెన్నునే ఎంచుకోవడంలో కూడా విషయం ఉంది. దాని సిరా చిక్కటి ముద్ద లాంటిది, కాగితం పైపొరలోనే కూర్చుంటుంది. నీళ్లలాంటి ఫౌంటెన్ పెన్ను సిరా పీచుల వెంట లోపలికి పాకి, అటువైపుకు ఊరుతుంది. ఒక వైపే వాడే కాగితమైతే అది పెద్ద బాధ కాదు. రెండు వైపులా వాడేదైతే అటువైపు ఊరిన చుక్క ఇంకో ప్రశ్నకు దొంగ జవాబు.

ఒకే కాగితం, రెండు ముఖాలు

సీబీఎస్ఈ నీట్ నిర్వహించిన రోజుల్లో బుక్‌లెట్ మీద ఒక సూచన ఉండేది: జవాబుపత్రం సైడ్-1, సైడ్-2ల మీద వివరాలు జాగ్రత్తగా నింపాలని. ఒక వైపు అభ్యర్థి వివరాలు, ఇంకో వైపు జవాబులు. నీట్‌లో 180 ప్రశ్నలు, నాలుగేసి ఐచ్ఛికాలు, అంటే 720 చోట్లు. 2025లో 22 లక్షలకు పైగా పిల్లలు రాశారు. ఒక్క మధ్యాహ్నపు పరీక్షకు దాదాపు 158 కోట్ల చోట్లను చూడాలి. ఇన్ని చోట్లు ఉన్నప్పుడు కాగితం రెండు వైపులూ వాడుకుంటే కాగితం సగం, బరువు సగం, ఒక పిల్లవాడి రెండు కాగితాలు విడిపోయే ప్రమాదం సున్నా. కానీ దానికి మూల్యం నీడ.

నీడకు మూడు అడ్డుకట్టలు వేస్తారు.

మొదటిది కాగితం. మన జిరాక్సు కాగితం సాధారణంగా చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు తూగుతుంది. ఓఎంఆర్ కాగితం 100 గ్రాములు, ఆపైన ఉంటుంది. మందంతో పాటు కాగితపు గుజ్జులో సున్నపురాయి పొడిలాంటి తెల్లటి పదార్థాలు కలుపుతారు. ఆ రేణువులు కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. లోపలికి వెళ్లిన వెలుగు అటు అంచు చేరకుండానే వెనక్కి తిరుగుతుంది. పాలు ఎందుకు తెల్లగా, ఆవల కనబడకుండా ఉంటాయో ఈ కాగితం కూడా అందుకే అలా ఉంటుంది.

రెండోది యంత్రంలో ఉంది. ఇది మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు. రెండు వైపులా అచ్చున్న ఏదైనా పలుచటి కాగితాన్ని తెల్లకాగితం మీద పెట్టి చూడండి. వెనకవైపు అక్షరాలు లీలగా కనిపిస్తాయి. అదే కాగితాన్ని నల్లటి గుడ్డ మీద పెట్టండి. వెనక అక్షరాలు దాదాపు మాయమవుతాయి. ఏం జరిగింది? కింద తెలుపు ఉన్నప్పుడు, కాగితాన్ని దాటిన వెలుగు కిందనుంచి మళ్లీ పైకి వస్తుంది. వెనక అక్షరం ఉన్న చోట మాత్రం రాదు. ఆ తేడాయే నీడ. కింద నలుపు ఉంటే కాగితాన్ని దాటిన వెలుగు ఎక్కడా తిరిగి రాదు. అక్షరం ఉన్నా లేకున్నా ఒకటే. తేడా పోయింది కాబట్టి నీడా పోయింది. కాగితం కింద నల్లటి ఆధారం పెట్టడం అనే ఈ చిన్న ఉపాయం స్కానింగ్ పనిలో ఎంతో పాతది, ఇప్పటికీ పనికొచ్చేది.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. గుండ్రాల్ని ఎదురెదురుగా పెట్టకపోవడం. ముందువైపు గుండ్రం వెనకాల ఖాళీ ఉండేలా, వెనకవైపు గుండ్రాల్ని కాస్త పక్కకు జరిపి అమరుస్తారు. అప్పుడు నీడ పడినా ఏ చోటులోనూ పడదు. రెండు చోట్ల మధ్య పడుతుంది. యంత్రం అక్కడ చూడనే చూడదు. నీడను పూర్తిగా చెరపలేనప్పుడు, అది పడినా ఎవరికీ హాని లేని చోటు ఇచ్చారు. దాగుడుమూతల్లో దొంగ కళ్లు తెరిచే వైపు కాకుండా ఇంకోవైపు దాక్కోవడం లాంటిది.

ప్రెస్సులో గుండుసూది

ఈ మూడో ఉపాయం డిజైన్‌లో గీసినంత తేలిక కాదు. గుండ్రం అడ్డం సుమారు నాలుగు మిల్లీమీటర్లు. మధ్య ఖాళీ కూడా ఇంచుమించు అంతే. వెనకవైపు అచ్చు ఒక మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు జరిగితే నీడ ఖాళీలోంచి పక్కచోటు మీదికి ఎక్కుతుంది. అందుకే ప్రెస్సు వాళ్లకు "రిజిస్టర్ కుదరడం", అంటే ముందూ వెనకా అచ్చు ఉండాల్సిన చోటే పడటం, అంత ముఖ్యం.

ఒక ప్రెస్సులో నేను చూసిన దృశ్యం ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఆఫ్‌సెట్ మిషన్ ఆగింది. మిషన్‌మన్ దొంతరలోంచి ఒక షీటు లాగాడు. చొక్కా జేబు మీద గుచ్చి ఉంచుకున్న గుండుసూదిని తీసి, ముందువైపు మూలనున్న రిజిస్టర్ గుర్తు నడిమధ్యన పొడిచాడు. షీటు తిరగేశాడు. వెనకవైపు గుర్తు మధ్యలో సూదిమొన తేలాలి. మొన గీత పక్కన తేలింది. అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆయన మాట్లాడకుండా వెళ్లి మిషన్ గేజు సరిచేసి, మళ్లీ నాలుగు షీట్లు తీసి, నాలుగింటికీ సూది పొడిచాడు. ముందు తీసిన షీట్ల కట్టను పక్కన పడేశాడు. ఆ కట్ట చూపు మందగించిన నా కళ్లకు మంచిదానిలాగే ఉంది.

ఆయన చెప్పిన కారణం కాగితం తత్వంలోనే ఉంది. ఆఫ్‌సెట్ అచ్చులో సిరాతో పాటు నీళ్లూ వాడతారు. ప్లేటు మీద అచ్చు లేని చోట సిరా అంటకుండా ఆ తడి కాపాడుతుంది. ముందువైపు అచ్చయ్యేటప్పుడు కాగితం ఆ తడిని కాస్త తాగుతుంది. కాగితం అంటే పీచుల అల్లిక. పీచు తేమ తాగితే పొడవులో పెద్దగా పెరగదు, వెడల్పులో ఉబ్బుతుంది. అంటే వెనకవైపు అచ్చుకు వచ్చేసరికి కాగితం మొదటి కొలతలో లేదు. వానాకాలంలో గోదాములోంచి నేరుగా తెచ్చిన రీమైతే ఇంకా మొండికేస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కాగితాన్ని అచ్చుగదిలో ముందే ఉంచి గది గాలికి అలవాటు పడనిస్తారు. పీచు ఏ దిక్కుకు ఉందో చూసి షీటు కోస్తారు. మిషన్ గ్రిప్పర్ మొదటి సారి ఏ అంచును పట్టిందో రెండోసారి కూడా అదే అంచును పట్టేలా కాగితాన్ని తిరగేస్తారు. అంచు మారితే కోతలో ఉన్న తేడా కూడా వచ్చి కలుస్తుంది.

కోత కూడా అచ్చంత ముఖ్యం. స్కానర్ షీటును అంచు ఆధారంగా నడిపిస్తుంది. అచ్చు బాగున్నా కటింగ్ మిషన్ వంకరగా కోస్తే గుండ్రాలన్నీ ఒకేసారి జరిగినట్టే. చోటును చదివే యంత్రానికి చోటు చెదిరిన కాగితం ఇస్తే, అది నిజాయితీగా తప్పు చదువుతుంది.

ఇంటి ప్రింటర్ మీద

ఇప్పుడు చిన్న బడులు కూడా ఈ పని చేసుకోగలుగుతున్నాయి. ప్రత్యేకమైన ఓఎంఆర్ యంత్రం అక్కర్లేదు. మామూలు స్కానర్ తీసిన బొమ్మను, లేదా ఫోన్ కెమెరా బొమ్మను సాఫ్ట్‌వేర్ చదువుతుంది. ఆటో మల్టిపుల్ చాయిస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఇక్కడ టైమింగ్ ట్రాక్ బదులు ప్రతి పేజీ నాలుగు మూలల్లో నల్లటి గుర్తులుంటాయి. బొమ్మ వంకరగా వచ్చినా, కాస్త సాగినా, ఆ నాలుగు గుర్తుల్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ పేజీని లెక్కలో సరిచేసుకుంటుంది. ప్రతి వైపుకూ దాని గుర్తులు దానికే ఉన్నాయి కాబట్టి ముందూ వెనకా అచ్చు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా భయం లేదు. ప్రెస్సులో మిషన్‌మన్ సూదితో చేసిన పనిని ఇక్కడ గణితం చేస్తుంది.

అయినా రెండు వైపుల ముద్రణ తన చిక్కుల్ని తాను తెచ్చుకుంటుంది. ఒక బడిలో 60 మంది పిల్లల పరీక్షకు ఇలా పేపర్లు తీయడానికి సాయం చేశాను. ఒక్కో పేపరు మూడు పేజీలు. పిల్లవాడి నంబరును తెలిపే చిన్న నల్లగళ్ల గుర్తు ప్రతి పేజీ నెత్తిన ఉంటుంది. మొత్తం 180 పేజీల ఫైలును రెండు వైపులా ప్రింటు పెట్టాం. ఇరవై ముప్ఫై షీట్లు వచ్చాక పిన్ను కొట్టబోతే అర్థమైంది: మొదటి పిల్లవాడి మూడో పేజీ వెనక, రెండో పిల్లవాడి మొదటి పేజీ అచ్చయింది! ఒకే కాగితం ఇద్దరిది. ప్రతి పేపరుకు చివర ఒక ఖాళీ పేజీ చేర్చి, మూడును నాలుగు చేసి, మొత్తం మళ్లీ తీశాం. పేజీల సంఖ్య బేసి అయితే ఖాళీ పేజీ తప్పనిసరి అన్న ఆ పాఠం కాగితం ఖర్చుతో నేర్చుకున్నాం. మీకు ఆ ఖర్చు వద్దు.

ఇంకో మూడు జాగ్రత్తలు. ప్రింటు పెట్టేటప్పుడు "ఫిట్ టు పేజ్" కాకుండా అసలు కొలతే ఉంచాలి, లేదంటే కొలతలు మారొచ్చు. పొడవాటి అంచు మీదుగా తిరగేయాలో, పొట్టి అంచు మీదుగా తిరగేయాలో ఒక షీటు తీసి చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, పేపర్లు తక్కువైతే ఒక పిల్లవాడి పేపరును జిరాక్సు తీసి ఇంకొకరికి ఇవ్వకూడదు. నెత్తిన ఉన్న నంబరు గుర్తు కూడా నకలవుతుంది. ఇద్దరి జవాబులు ఒకరి పేరు మీద చేరి గొడవవుతుంది.

99 సున్నా అయిన రోజు

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒక అమ్మాయికి తెలుగులో సున్నా మార్కులు చూపించాయి. పేపరు మళ్లీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. పేపరు దిద్దినవారు ఓఎంఆర్‌లో 99 గుండ్రాలు నింపాల్సింది, 00 గుండ్రాలు నింపారు. యంత్రం చోటును సరిగ్గానే చదివింది. ఆ చోటు ఆ అమ్మాయిది కాదు, అంతే. ఆ రోజు ఆ ఇంట్లో ఏడ్చిన ఏడుపును తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

నాకు దీనిలో కనిపించేది ఒకటే. యంత్రం ఎంత నమ్మకమైనదైనా, అది చదివినదాన్ని మనిషి మళ్లీ చూసుకునే దారి ఉండాలి. ఏపీపీఎస్సీ పరీక్షల్లో జవాబుపత్రం కింద ఇంకో కాగితం ఉంటుంది. పై కాగితం వెనక కంటికి కనబడనంత చిన్న గుళికల పూత ఉంటుంది. పెన్ను నొక్కినప్పుడు ఆ గుళికలు పగిలి, కింది కాగితపు పూతతో కలిసి రంగు తేలుతుంది. ఆ నకలును అభ్యర్థి ఇంటికి తీసుకెళ్లవచ్చు. నీట్‌లో స్కాన్ చేసిన షీటు బొమ్మను పిల్లలకు చూపించి, తప్పుంటే చెప్పమంటున్నారు. ఈ ఏర్పాట్లు యంత్రానికి అవమానం కాదు. మిషన్‌మన్ సూది లాంటివి. ఆ సూదిని పిల్లల చేతికి కూడా ఇచ్చినట్టు.

2017లో ఆంధ్రప్రదేశ్ ఎంసెట్, 2018లో తెలంగాణ ఎంసెట్ కంప్యూటర్ తెరల మీదికి వెళ్లాయి. ఒకరోజు నీట్ కూడా వెళ్లవచ్చు. వెళ్లినా, లక్షలమందికి ఒకే రోజు, కరెంటు ఉన్నా లేకున్నా, ఒకే నియమంతో పరీక్ష పెట్టగలిగిన ఈ కాగితానికి నేను కృతజ్ఞుణ్ణి. దాన్ని చెదరకుండా అచ్చువేసినవాళ్లకు ఇంకా ఎక్కువ.

ఆదివారం సాయంత్రం మాక్ టెస్టు అయ్యాక అమ్మాయి దగ్గరికి వెళ్లి, పొద్దున్న అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతానన్నాను. వాళ్లమ్మ కుట్టుపెట్టెలోంచి గుండుసూది తెప్పించాను. ముందువైపు దిద్దిన ఒక గుండ్రం నడిమధ్యన సూది పొడవమన్నాను. పొడిచి, షీటు తిరగేసి చూసింది. సూదిమొన రెండు గుండ్రాల మధ్య ఖాళీలో తేలింది. ఇంకో గుండ్రానికి పొడిచింది. మళ్లీ ఖాళీలోనే. మూడోది. నాలుగోది.

"ఎవరో ముందే ఆలోచించారు పెదనాన్నా" అంది, సూదిని కాగితం మీదే ఉంచి.